దోమ గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్: కనిపెట్టడం కన్నా చెప్పడమే కష్టమైంది

వానలు మొదలైతే చాలు, రామగుండం, గోదావరిఖని బస్తీల్లో ఫలానా ఇంట్లో జ్వరమట అన్న మాట వినబడుతుంది. దవాఖాన ముందు లైను, పేపర్ జిల్లా పేజీలో చిన్న వార్త, సాయంత్రం గల్లీలో ఫాగింగ్ మిషన్ పొగ. దోమ కుడితే జ్వరం వస్తుందని ఇవాళ బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు. కానీ 1897 ఆగస్టు దాకా మలేరియా విషయంలో ఈ మాటకు ప్రపంచంలో ఎవరి దగ్గరా గట్టి రుజువు లేదు. ఆ రుజువు దొరికింది లండన్‌లోనో, ప్యారిస్‌లోనో కాదు, మన సికింద్రాబాద్‌లో. హుస్సేన్ ఖాన్ అనే ఒక రోగి రక్తం తాగిన దోమ కడుపులో.

దాన్ని చూసిన డాక్టర్ పేరు రొనాల్డ్ రాస్. చూడటానికి ఆయనకు రెండేళ్లు పట్టింది. చూసిన సంగతిని ప్రభుత్వాల చెవిన వేయడానికి మాత్రం మిగిలిన ముప్ఫై ఐదేళ్లూ సరిపోలేదు.

డాక్టర్ అవ్వాలని లేదు

రాస్ 1857 మే 13న హిమాలయాల దగ్గరి అల్మోరాలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో పెద్ద అధికారి. పది మంది పిల్లల్లో రొనాల్డే పెద్దోడు. చిన్నప్పుడే చదువుకోసం ఇంగ్లండ్ పంపారు. ఆయన మనసంతా కవిత్వం, సంగీతం, లెక్కల మీదే. తండ్రి బలవంతం మీద 1874లో లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ మెడికల్ కాలేజీలో చేరాడు. చదువు అంతంత మాత్రంగానే సాగింది. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగం వచ్చింది. మద్రాసు, బర్మా, అండమాన్, ఎక్కడికి వేస్తే అక్కడికి పోయాడు. ఖాళీ టైములో నవలలు, పద్యాలు రాసుకునేవాడు.

1883లో బెంగళూరులో ఉన్నప్పుడు ఒక చిన్న సంఘటన జరిగింది. ఆయన ఉండే బంగళాలో దోమలు విపరీతం. చూస్తే కిటికీ పక్కనే ఒక నీళ్ల తొట్టి, దాంట్లో లుకలుకలాడే పురుగులు. తొట్టి బోర్లించాడు. దోమలు తగ్గిపోయాయి. ఆఫీసర్ల మెస్ దగ్గర కూడా ఇదే చేద్దామని పై అధికారికి చెబితే, ఆయన ఒప్పుకోలేదు. దేవుడు దోమల్ని ఏదో కారణంతోనే పుట్టించి ఉంటాడు, భరించాల్సిందే అన్నది ఆ అధికారి వాదన. జీవితమంతా తనకు ఎదురవబోయే గోడ ఎలా ఉంటుందో రాస్ ఆ రోజే చూశాడు. అది గోడ అని అప్పటికి ఆయనకు తెలియదు.

1888లో సెలవు మీద లండన్ వెళ్లి, ప్రజారోగ్యంలో డిప్లొమా చేసి వచ్చాడు. మళ్లీ 1894లో వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టర్‌ను కలిశాడు. మలేరియాకు కారణం రక్తంలోని ఒక సూక్ష్మజీవి అని ఫ్రెంచ్ డాక్టర్ లావెరాన్ 1880లోనే చెప్పాడు. ఆ జీవిని మాన్సన్ రాస్‌కు మైక్రోస్కోప్‌లో చూపించాడు. ఇది మనిషి నుంచి బయటికి పోయేది దోమ ద్వారానే కావచ్చని తన అనుమానం కూడా చెప్పాడు. రాస్ ఆ అనుమానాన్ని పట్టుకుని ఓడ ఎక్కాడు.

సికింద్రాబాద్‌లో ఒక్కో దోమకు ఒక అణా

1895 ఏప్రిల్‌లో రాస్ సికింద్రాబాద్ చేరాడు. 19వ మద్రాస్ ఇన్‌ఫాంట్రీకి డాక్టర్. అప్పటికి ఇల్లందు వైపు సింగరేణి బొగ్గు తవ్వకం మొదలై కొన్నేళ్లే. గోదావరిఖని పట్టణం పుట్టడానికి ఇంకా అరవై ఏళ్లకు పైనే ఉంది.

మలేరియా ఉన్న రోగిని దోమతెర కింద పడుకోబెట్టి, తాను పెంచిన దోమల్ని లోపలికి వదిలేవాడు. రక్తం తాగిన దోమల్ని పట్టి, రోజుకొకటి చొప్పున కోసి చూసేవాడు. మొదట్లో ఆయనకు ఎక్కువగా సాయపడిన రోగి అబ్దుల్ ఖాదిర్. కుట్టించుకున్నందుకు రోగులకు డబ్బు ఇచ్చేవాడు. అవన్నీ మెచ్చుకోదగ్గ ప్రయోగాలేమీ కావు. దోమలు చచ్చిన నీళ్లు తాగితే మలేరియా వస్తుందేమోనని, జబ్బు లేని మనుషులకు ఆ నీళ్లు తాగించిన సందర్భమూ ఉంది. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ దానికి ఒప్పుకోదు. బ్రిటిష్ డాక్టర్‌కు కాదని చెప్పే స్థితి అప్పటి పేదోడికి ఎంత ఉందో ఊహించుకోవచ్చు.

ఆ ఏడాదే బెంగళూరులో కలరా వచ్చింది. ప్రభుత్వం రాస్‌ను అక్కడికి పంపింది. పని ఆగింది. కానీ నీళ్లు, మోరీలు, చెత్త, గల్లీ గల్లీ తిరిగి చూసే అలవాటు ఆయనకు అక్కడే పట్టుకుంది. 1897లో ఊటీ కొండల కింద తిరిగి, తానే మలేరియా తెచ్చుకుని మంచం పట్టాడు. తేరుకుని జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్ వచ్చాడు.

రెండేళ్లుగా ఆయన కోస్తున్నవి వేరే జాతి దోమలు. వాటిలో మనిషి మలేరియా పెరగదు. ఆ సంగతి తెలియక వందల దోమలు వృథా అయ్యాయి. ఆగస్టు నడిమిలో రెక్కల మీద మచ్చలున్న కొత్త రకం దోమలు కొన్ని చేతికొచ్చాయి. ఇవాళ అనాఫిలిస్ అంటున్నది ఆ జాతినే. ఆగస్టు 16న వాటిని హుస్సేన్ ఖాన్ మీద వదిలాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా లెక్కన అతనికి ఇచ్చాడు.

ఉక్కపోత. పంకా లాగిస్తే కోసిన దోమ ఎగిరిపోతుంది కాబట్టి అదీ లేదు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20 మధ్యాహ్నానికి చాలా దోమలు చచ్చిపోయి, కోయడానికి కొన్నే మిగిలాయి. వాటిలో ఒకదాని కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా జీవికి గుర్తయిన నల్లటి రేణువులు కనబడ్డాయి. మరునాడు ఇంకో దోమలో అవే కణాలు ఇంకాస్త పెద్దగా కనబడ్డాయి. అంటే అవి దోమలో బతికి పెరుగుతున్నాయి. ఆ ఆగస్టు 20నే ఇప్పుడు ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు.

ఖబర్ పోయింది, పని ఆగింది

ఈ సంగతి 1897 డిసెంబర్ 18న లండన్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. నాలుగు నెలలు ఆలస్యంగా, ఇంగ్లిష్‌లో, డాక్టర్లు చదివే పత్రికలో. హుస్సేన్ ఖాన్ బస్తీ వాళ్లకు తమ జ్వరం గురించి ప్రపంచానికి ఏం తెలిసిందో ఆ పత్రిక చెప్పేది కాదు.

అచ్చయ్యేనాటికి రాస్ కూడా సికింద్రాబాద్‌లో లేడు. కనిపెట్టిన కొన్ని వారాలకే బదిలీ ఆర్డర్ వచ్చింది. రాజపుతానాలోని ఖేర్వాడాకు పంపారు. అక్కడ ఆయన పనికి సరిపడా మలేరియా కేసులే లేవు. మాన్సన్ లండన్‌లో గట్టిగా ప్రయత్నిస్తే 1898లో కలకత్తాలో పరిశోధనకు అవకాశం దొరికింది.

కలకత్తాలో ఇంకో చిక్కు. అప్పుడు ప్లేగు భయం. టీకా గురించి రకరకాల వదంతులు. గోరా డాక్టర్ సూదితో వేలు గుచ్చుతానంటే జనం పారిపోయేవారు. నిజం నాలుగు నెలలు ఓడ ఎక్కి పోయి పత్రికలో పడితే, వదంతి ఒక్క రోజులో బజారంతా తిరిగొచ్చింది. కరోనా టీకా రోజుల్లో వాట్సాప్ మెసేజ్‌లు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

మనుషులు దొరక్క రాస్ పక్షుల మలేరియా మీద పనిచేశాడు. అక్కడ ఆయనకు తోడు నిలిచిన సహాయకుడు మహమ్మద్ బక్ష్. దోమల్ని పట్టడం, పెంచడం, పిచ్చుకల్ని చూసుకోవడం అతని పని. 1898 జూలైలో రాస్ అసలు ముడి విప్పాడు. మలేరియా జీవి దోమ కడుపులో పెరిగి, దాని లాలాజల గ్రంథికి చేరుతుంది, కుట్టినప్పుడు ఇంకో ప్రాణిలోకి వెళ్తుంది. ఆ నెలలోనే మాన్సన్ ఎడిన్‌బరోలో డాక్టర్ల సభలో ఈ వార్త ప్రకటించాడు. అదే ఏడాది చివర్లో ఇటలీలో గ్రాసీ బృందం మనిషి మలేరియాలోనూ ఇదే దారి అని చూపింది. ఘనత ఎవరిదన్న దాని మీద రాస్, గ్రాసీ ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. రాస్‌కు కోపం ఎక్కువ, మర్చిపోవడం తక్కువ. చివరికి మాన్సన్‌తో కూడా చెడింది.

చెప్పడమే ఉద్యోగం

1899లో రాస్ ఇండియా ఉద్యోగం వదిలి లివర్‌పూల్ స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో పాఠాలు చెప్పడానికి చేరాడు. 1902లో నోబెల్ వచ్చింది. బ్రిటన్‌కు అదే మొదటి నోబెల్. బహుమతి తీసుకుని ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. అదే ఏడాది దోమల దళాలను ఎట్లా నడపాలో చెప్పే చిన్న పుస్తకం వేశాడు. అందులో మందుల లెక్కల కన్నా మేస్త్రీలు, కూలీలు, బకెట్లు, కిరోసిన్, గుంతలు పూడ్చే లెక్కలే ఎక్కువ. మామూలు జనం, మున్సిపాలిటీ వాళ్లు చదవాలని రాసింది అది. పేపర్లకు లేఖలు, సభల్లో ఉపన్యాసాలు అయితే లెక్కలేనన్ని.

మాట విన్న చోట ఫలితం వచ్చింది. ఈజిప్టులో సూయజ్ కాలువ మీద ఇస్మాయిలియా పట్టణం ఉంది. కాలువ కంపెనీ 1902లో రాస్‌ను పిలిచింది. నిలవ నీళ్లు తీసేయించారు, తీయలేని చోట నూనె చల్లించారు. ఆ ఏడాది పదిహేను వందలు దాటిన మలేరియా కేసులు మరుసటి ఏడాదికి రెండు వందల పైచిలుకుకు పడిపోయాయి. 1905కి నలభై లోపే. ఖర్చు పెట్టింది కంపెనీ. జ్వరం వల్ల పోయే పనిదినాలు, దవాఖాన ఖర్చు లెక్క వేస్తే, దోమల పనికి పెట్టింది దండగ కాదని దానికి అర్థమైంది. బొగ్గు కంపెనీ మీద బతికే ఊళ్లకు ఈ లెక్క వివరించి చెప్పనక్కర్లేదు.

ఇండియాలో మాత్రం కథ వేరు. లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో 1902 నుంచి కొన్నేళ్లు దోమల నివారణ చేసి, ఫలితం పెద్దగా లేదని తేల్చారు. ఆ పేరు చెప్పి ప్రభుత్వం క్వినైన్ మాత్రల మీదే ఎక్కువ ఆధారపడింది. చాలినంత డబ్బు, మనుషులు పెట్టకుండా సగం పని చేసి, పద్ధతే తప్పనడం ఏమిటని రాస్ ఏళ్ల తరబడి మండిపడ్డాడు. తను రుజువు చేసిన దేశమే తన మాట వినలేదన్న బాధ ఆయనకు చివరిదాకా ఉంది.

ప్రతి దోమనూ చంపడం ఎవరి తరం అనేవాళ్లకు ఆయన లెక్కలతో జవాబిచ్చాడు. ఆఖరి దోమ దాకా చంపక్కర్లేదు. వాటి సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, జబ్బు తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. కరోనా అప్పుడు టీవీల్లో రోజూ చూపించిన గ్రాఫులకు పునాది వేసినవాళ్లలో ఈయనొకడు.

1911లో సర్ బిరుదు వచ్చింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో పెద్ద కొడుకు చనిపోయాడు. 1926లో లండన్‌లో ఆయన పేరు మీద రాస్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. పేరు వచ్చినంతగా డబ్బు రాలేదు. ముసలితనంలో తన కాగితాలు, ఉత్తరాలు అమ్ముకోవాల్సి వచ్చింది. భార్య పోయిన మరుసటి ఏడాది, 1932 సెప్టెంబర్ 16న, ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే కన్నుమూశాడు.

హుస్సేన్ ఖాన్ సంగతి

బేగంపేట పాత ఎయిర్‌పోర్ట్ దగ్గర రాస్ పేరుతో ఒక పాత భవనం ఇప్పటికీ ఉంది. కానీ ఆ చరిత్రలో హుస్సేన్ ఖాన్ ఒక పేరు, కొన్ని అణాలు, అంతే. అబ్దుల్ ఖాదిర్, మహమ్మద్ బక్ష్ సంగతీ అంతే. వాళ్ల పేర్లు కూడా మనకు తెలిసింది రాస్ రాసిపెట్టడం వల్లే.

జ్వరాల సీజన్‌లో కేసుల సంఖ్య, చనిపోయినవాళ్ల సంఖ్య వార్త అవుతాయి. రాస్ పుస్తకంలో ఉన్న పని మాత్రం వార్త అవ్వదు. డెంగీ దోమ వేరు, మలేరియా దోమ వేరు. డెంగీ దోమ మురికి కాలువలో కాదు, ఇంట్లో పట్టిపెట్టుకున్న మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. నల్లా ఎప్పుడొస్తుందో తెలియక నింపి పెట్టుకునే డ్రమ్ములు, గోలేలు, వాడకుండా మూలకు పెట్టిన కూలర్, మేడ మీది పాత టైరు, మస్జిద్‌లో మూత లేని వజూ నీళ్ల తొట్టి, అన్నీ దానికి ఇళ్లే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి నీళ్లు పారబోసి, లోపలి గోడలు గట్టిగా తోమి, ఆరనివ్వాలి. తోమకపోతే గోడకు అంటుకున్న గుడ్లు అట్లాగే ఉంటాయి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య శాఖ చెప్పేది ఇదే. జుమ్మాకు ముందు ఎట్లాగూ ఇల్లంతా కడుక్కునే రోజే అది.

ఫాగింగ్ పొగకు ఎగిరే దోమలు చస్తాయి, నీళ్లలోని పురుగులు చావవు. బెంగళూరు బంగళాలో ఇరవై ఆరేళ్ల కుర్ర డాక్టర్‌కు మైక్రోస్కోప్ లేకుండానే అర్థమైన సంగతి ఇది. ఆ రోజు ఆయన చేసిందల్లా తొట్టి బోర్లించడమే.