పోరుమామిళ్ల చెరువు కట్టించిన భాస్కర భవదూరుడు

మా కలమల్ల రాయి తెలుగు భాషకు పాతసాక్షి అయితే, మన కడప జిల్లాలోనే ఉన్న పోరుమామిళ్ల శాసనం నీటివిద్యకు సాక్షి. దాన్ని వేయించినవాడు విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు. ఉదయగిరి నుండి తూర్పుసీమను ఏలినాడు. వెయ్యిమంది కూలీలను, వంద బండ్లను పెట్టి రెండేండ్లలో ఆ చెరువు కట్టించినాడు. కొండల నడుమ మట్టికట్ట వేసి, రాతితో గట్టి చేయించినాడు.

1369 నాటి ఆ శాసనంలో మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పించినాడు. కట్టలో నీరు ఊరడం ఒక దోషం. నీళ్లు కొంచెమై పొలం ఎక్కువైనా, పొలం కొంచెమై నీళ్లు ఎక్కువైనా దోషమే. ఊరే నీరు లోపలి మట్టిని మెల్లగా తీసుకుపోయి కట్టనే తెంపుతుందని నేటి ఇంజనీర్లూ భయపడతారు. కట్ట తెగితే ముందు మునిగేది రైతే. ఆ భయం తెలిసిన రాజు గనుకనే భవదూరుడు మనకు నేటికీ గురువు.