మెట్రిక్ తప్పిన భీమవరం కుర్రాడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ప్రపంచ వైద్యశాస్త్ర చరిత్రలో చెరగని ముద్ర వేసిన తెలుగువారిలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అగ్రగణ్యులు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి.

ఈ వాక్యాలు మనందరం పోటీ పరీక్షల పుస్తకాల్లో చదివినవే. వాటి కింద మరో రెండు లైన్లుంటాయి: ఎ.టి.పి., ఫోలిక్ ఆమ్లం. బిట్ పేపరుకి అవి చాలు. ఆయన ఎన్నిసార్లు పరీక్ష తప్పారు, ఏ డిగ్రీ కోసం చదివి ఏ సర్టిఫికెట్ పట్టుకుని బయటికి వచ్చారు అన్నది మాత్రం అక్కడ కనిపించదు. మన సంచికకి ఒక మహనీయుని జీవితం రాయమని మ్యాగజైన్ కమిటీ వాళ్లు అడిగినప్పుడు నాకు ఆ సంగతులే రాయాలనిపించింది. మన హాస్టల్లో నర్సింగ్, ఫార్మసీ, ఎం.ఎల్.టి. చదివే చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడి నుంచి ఎం.బి.బి.ఎస్.లో చేరిన అక్కలూ ఉన్నారు. ఫలితాలు వచ్చిన రోజు రాత్రి మెస్‌లోకి కొందరు ఎందుకు రారో ఇక్కడ ఉన్నవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

సుబ్బారావు గారు చిన్నతనంలో బుద్ధిమంతుడైన విద్యార్థి కాదు. పదమూడేళ్ల వయసులో, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఇంట్లోంచి వెళ్లిపోయారని, తల్లి వెనక్కి రప్పించి బడికి పంపారని చెబుతారు. రాజమండ్రిలో చదువుతూ మెట్రిక్యులేషన్ తప్పారు. మళ్లీ రాశారు, మళ్లీ తప్పారు. ఆ రోజుల్లోనే తండ్రి జబ్బుపడి చనిపోయారు. తల్లి ఒంటిమీద నగలు అమ్మి కొడుకుని మద్రాసు పంపారు. అక్కడ హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి రాసి గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివారు.

మద్రాసులో ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మిషన్ పెద్దలు వైద్యం చదివి జనానికి సేవ చేయమని సలహా ఇచ్చారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో వివాహమైంది. చదువు ఖర్చులో మామగారు చేయందించారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సుబ్బారావు గారు పేదరికం చూశారు కానీ, బడి గుమ్మం దగ్గర ఆయన్ని ఎవరూ ఆపలేదు. అగ్రకులంలో పుట్టారు. అమ్మడానికి తల్లికి నగలున్నాయి, ఆదుకోవడానికి మామగారున్నారు. మనలో చాలామందికి ఒక్క సంవత్సరం పోతే స్కాలర్‌షిప్ ఏమవుతుందోనని భయం, హాస్టల్ సీటు ఉంటుందో ఊడుతుందోనని భయం. ఆడపిల్లలకైతే ఇంటి దగ్గర పెళ్లి మాట మొదలవుతుంది. మా ఇంట్లో డిగ్రీ చేతపట్టిన మొదటి మనిషిని నేనే కాబట్టి ఆ లెక్కలు నాకు బాగా తెలుసు. అందుకని, ఆయన చేయగలిగింది మనమెందుకు చేయలేం అని వేదిక మీద అన్నంత తేలిగ్గా నేను అనలేను. నన్ను పట్టుకున్నది వేరే విషయం. పరీక్షలో దెబ్బ తిన్న ప్రతిసారీ కారణం ఒకటే కాదు. ఆయన జీవితంలో అది స్పష్టంగా కనిపిస్తుంది.

మెట్రిక్ తప్పినప్పుడు చదువు మీద ధ్యాస లేదు, ఇంట్లో కష్టం ఉంది. మెడికల్ కాలేజీలో జరిగింది అది కాదు. గాంధీజీ విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపునిచ్చిన రోజులవి. సుబ్బారావు గారు ఖద్దరు కట్టారు. ఆపరేషన్ థియేటర్లో కూడా ఖద్దరు గౌనే వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది కంటగింపైంది. రాతపరీక్షలు బాగా రాసినా, చివరికి సుబ్బారావు గారి చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు. దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మొదటిది తన లోటు, రెండోది తన మీద పడ్డ కోపం. కాగితం మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ కాగితం చూసేవాళ్లకి వెనక ఖద్దరు గౌను ఉందని ఎలా తెలుస్తుంది?

ఆ సర్టిఫికెట్‌తో మద్రాసు మెడికల్ సర్వీసుకి ప్రయత్నించారు. ఉద్యోగం రాలేదు. మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే పని దొరికితే చేరారు. ఇంగ్లీషు వైద్యం చదివిన మనిషి ఆయుర్వేద కళాశాలలో చేరడం అప్పట్లో మెట్టు దిగినట్టే. అయినా ఆయన అక్కడ రోజులు నెట్టలేదు. ఆయుర్వేద మందులు ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకోవాలని ఆసక్తి పెంచుకున్నారు. రోగం తగ్గించే పదార్థం ఏదో పట్టుకోవాలన్న పట్టుదల ఆయనలో మొలకెత్తింది ఆ తక్కువ ఉద్యోగంలోనే అని నా అభిప్రాయం.

ఆయన కుటుంబం మీద పడ్డ పెద్ద దెబ్బ స్ప్రూ. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తం లేక మనిషి క్షీణించిపోయే జబ్బు అది. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో దానికి బలైపోయారు. ఇంట్లో డాక్టరు ఉన్నాడు, మందు లేదు. ఆ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

ఒక అమెరికన్ డాక్టరుతో జరిగిన పరిచయం ఆయన దృష్టిని హార్వర్డ్ వైపు తిప్పింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారు కూడబెట్టి ఇచ్చిన సొమ్ము కలిపి, 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాలో చేరారు. అక్కడ కూడా ఎల్.ఎం.ఎస్. ఆయన్ని వదల్లేదు. ఆ అర్హత మీద డాక్టరుగా పనిచేసి సంపాదించుకునే వీలు లేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట వార్డుబాయ్ పని చేశారు. రోగుల బెడ్‌పాన్లు కడిగారు. పొద్దున క్లాసులో కూర్చున్నారు.

డిప్లొమా తర్వాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ రాస్తాను, నా సబ్జెక్టు కాబట్టి క్షమించాలి. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడం అప్పట్లో కష్టమైన పని. ఫిస్కే, సుబ్బారావు కలిసి సులువైన పద్ధతి కనిపెట్టారు. ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయకరణం చేసే మరో రసాయనం పోస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. 1925లో అచ్చయిన ఈ పద్ధతిని వంద సంవత్సరాల తర్వాత కూడా విద్యార్థులు నేర్చుకుంటున్నారు. మా ఎం.ఎస్సీ. ల్యాబ్ రికార్డులో ఫిస్కే – సుబ్బారో పద్ధతి అని ఉంటుంది. ఆ సుబ్బారో భీమవరం వారని మా బ్యాచ్‌లో సగం మందికి తెలియదు. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి ఎవరో ఇటలీ ఆయన అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు!

ఈ పద్ధతితో కండరాల రసాన్ని పరీక్షిస్తుంటే ఒక చిక్కు వచ్చింది. రంగు వెంటనే రావడం లేదు, నెమ్మదిగా పెరుగుతోంది. మనమైతే రీడింగు తప్పింది, మళ్లీ చేద్దాం అని టెస్ట్‌ట్యూబు సింకులో పారబోస్తాం. వాళ్లు ఆ ఆలస్యం ఎందుకో వెతికారు. కండరంలో ఫాస్ఫేట్ విడిగా లేదు, క్రియాటిన్‌తో అంటుకుని ఉంది, మెల్లగా విడిపోతోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. 1929లో ఎ.టి.పి. గురించి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. కండరం కదలడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న అప్పటి నమ్మకం ఈ పరిశోధనలతో కదిలిపోయింది. ఆ నమ్మకం వెనక ఉన్న కండర పరిశోధనకి 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చి ఉంది. దాన్ని కదిలించినవాళ్లలో ఒకరు, మెట్రిక్ రెండుసార్లు తప్పిన మన సుబ్బారావు గారు.

1930లో హార్వర్డ్ ఆయనకు పిహెచ్.డి. ఇచ్చింది. కష్టాలు తీరిపోయాయని అనుకుంటాం. తీరలేదు. పదేళ్లు అక్కడే పనిచేసినా శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. అదే ప్రయోగశాలలో చదువుకుని తర్వాత నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని తెలిపారు. మార్కులు అయిపోయాక కూడా ఈ రకం దెబ్బలు ఉంటాయన్నమాట. పి.జి.లో, పరిశోధనలో ఉన్న మన పూర్వ విద్యార్థినులకు ఇది నేను వివరించక్కర్లేదు.

1940లో ఆయన విశ్వవిద్యాలయం వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. త్వరలోనే పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. కంపెనీకి వెళ్లడం అప్పటి పండితుల దృష్టిలో గొప్ప విషయమేమీ కాదు. కానీ మద్రాసు ఆయుర్వేద కళాశాలలో మొదలైన వెతుకులాటకి కావలసిన మనుషులు, డబ్బు, యంత్రాలు ఆయనకి దొరికింది అక్కడే.

కాలేయంలో రక్తహీనతను తగ్గించే పదార్థం ఏదో ఉందని అప్పటికే తెలుసు. దాన్ని వేరుచేసి, 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ మందు స్ప్రూ రోగుల మీద పనిచేసింది. అన్నదమ్ములు పోయిన ఇరవై ఏళ్ల తర్వాత మందు దొరికింది. ఇవాళ మన పి.హెచ్.సి.లో గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే.

లెడర్లీలో ఆయన పర్యవేక్షణలో వచ్చినవి ఇంకా ఉన్నాయి. వివరంగా రాస్తే సంచిక చాలదు. డెబ్బై ఏళ్లు దాటి రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ చేరి ఆరియోమైసిన్ కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. 1947లో ఫైలేరియాకి డి.ఇ.సి. వచ్చింది. బోదకాలు ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల వాళ్లని అడగండి. 2004 నుంచి ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే. భీమవరం కుర్రాడి మందు తిరిగి తిరిగి భీమవరం వైపే వచ్చింది.

అన్నిటికంటే నన్ను కదిలించింది ల్యుకేమియా మందు కథ. బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు లెడర్లీ నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ముదిరినట్టు కనిపించింది. ఇంతకంటే పెద్ద వైఫల్యం ఏముంటుంది? కానీ అక్కడి నుంచే ఆలోచన తిరగబడింది. ఫోలిక్ ఆమ్లం క్యాన్సర్ కణాలకి బలమిస్తుంటే, దాన్ని అడ్డుకునే పదార్థం వాటిని మాడుస్తుంది కదా. సుబ్బారావు గారి బృందం అటువంటి పదార్థాలు తయారుచేసి పంపింది. అమినోప్టెరిన్ అందులో ఒకటి, మెథోట్రెక్సేట్ మరొకటి. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. అప్పటిదాకా ఆ జబ్బుకి ఏ మందూ లేదు.

ఈ ప్రయాణానికి ఇంటి దగ్గర ఒకరు మూల్యం చెల్లించారు. సుబ్బారావు గారు అమెరికా వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. ఆయన మళ్లీ ఇండియా రాలేదు. శేషగిరి గారు భర్తను మళ్లీ చూడలేదు. ఆయన జీవిత చరిత్రల్లో ఆవిడకు దక్కింది కొన్ని వాక్యాలే. నేను కూడా అంతకంటే ఎక్కువ రాయలేకపోతున్నాను, అది నాకు బాధగానే ఉంది.

ఫార్బర్ ప్రకటన వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, న్యూయార్క్‌లో నిద్రలోనే గుండెపోటుతో సుబ్బారావు గారు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53. తర్వాత ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది. ల్యుకేమియా పిల్లలకి తన ప్రయోగశాల మందులు కొన్ని నెలల ఊరట ఇవ్వడం వరకే ఆయన చూడగలిగారు. ఇవాళ సరైన చికిత్స అందితే ఆ పిల్లల్లో ఎక్కువమంది కోలుకుని బడికి వెళుతున్నారు. వాళ్లకి ఏళ్ల తరబడి ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.