రేమండు దొర చరిత్రము

రజతోత్సవ సంచికకు ఒక చరిత్రపురుషుని జీవితమును వ్రాయుమని గ్రంథాలయ కార్యవర్గమువారు నన్ను కోరిరి. కవులను గూర్చియు భక్తులను గూర్చియు వ్రాయగల సమర్థులు మనలో పలువురు కలరు. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు, లెక్కతో ముడివడిన జీవితమే తగునని తోచినది. ఫ్రెంచి దేశమున పుట్టి, తెలుగు గడ్డపై తుపాకులును ఫిరంగులును చేయించి, ఇచ్చటనే కన్నుమూసిన రేమండు దొర కథ అట్టిది. ఆయనకును మన అనంతపుర సీమకును ఏమి సంబంధమని పాఠక మహాశయులు అడుగవచ్చును. కడవరకు ఓపికతో చదివినచో ఆ సంబంధము తేటపడగలదు.

మిషెల్ జోకిం మారీ రేమండు 1755లో గాస్కనీ సీమయందలి సెరిన్యాక్ గ్రామమున ఒక వర్తకుని యింట జన్మించెను. ఇరువదియేండ్ల ప్రాయమున, 1775లో, వ్యాపారార్థమై పుదుచ్చేరికి వచ్చెను. కాని తక్కెడకంటె కత్తియే ఆయన చేతికి నచ్చినది. హైదరాలీ కొలువులోని ఫ్రెంచి దళమున చేరి యుద్ధవిద్య నేర్చెను. 1783లో బుస్సీ సేనాని మరల మన దేశమునకు రాగా ఆయనకు సహాయాధికారి అయ్యెను. 1785లో బుస్సీ మరణించిన పిమ్మట, రేమండు హైదరాబాదు చేరి నిజాం అలీఖాను కొలువున ప్రవేశించెను.

ఆరంభమున ఆయనకు దక్కిన దళము మున్నూరు మంది మాత్రమే. వారి చేతులకు తుపాకులు లేవు. ఒక వర్తకునివద్ద తుపాకి ఒకటికి నెలకు ఎనిమిదణాల చొప్పున బాడుగకు తెచ్చిరి. అనగా మున్నూరు తుపాకులకు నెలకు నూటయేబది రూపాయలు, ఏడాదికి పదునెనిమిది వందలు! ఎద్దులను బాడుగకు తెచ్చి సేద్యము చేయువాని కష్టము మన రైతులకు తెలియనిది కాదు. అదను వచ్చినపుడు ఎద్దు తనది కాదు; పంట వచ్చినపుడు గింజ తనది కాదు. రేమండు ఈ సత్యమును తొలినాడే గ్రహించెను.

ఆ కాలపు తుపాకి ఎట్లు పనిచేయునో తెలియనిదే ఆయన ప్రజ్ఞ బోధపడదు. సిపాయి గొట్టపు మూతినుండి మందును, సీసపు గుండును వేసి కడ్డీతో దట్టించును. ప్రక్కనున్న చిన్న పళ్లెములో కొంచెము మందు పోయును. మీట నొక్కగనే చెకుముకి రాయి ఉక్కురేకును కొట్టి నిప్పురవ్వలు రాల్చును. పళ్లెములోని మందు అంటుకొని, సన్నని రంధ్రముద్వారా నిప్పు లోపలికి పోయి, గుండు వెడలును. ఎంత ఆరితేరినవాడైనను నిమిషమునకు రెండు మూడు మారులకంటె కాల్చలేడు. ఆశ్వికులు జీనుకు తగిలించుకొను పిస్తోలు కూడ ఇట్టి యంత్రమే, పొట్టి గొట్టముతో చేయబడినది. దానికి ఒక్కటే దెబ్బ గనుక జంటగా ఉంచుకొనెడివారు. ప్రేలుడు బలముచేతనే ఖాళీ తూటా వెలికిపోయి క్రొత్తది తనంత తాను లోనికి వచ్చు పిస్తోలు పుట్టుటకు ఇంకను నూరేండ్లు పట్టినది.

మరియొక చిక్కు కలదు. ఇంగ్లీషువారి తుపాకి గొట్టము ఇంచుమించు ముప్పాతిక అంగుళపు రంధ్రము గలది. ఫ్రెంచివారిది అంతకంటె సన్నము. ఒకదాని గుండు వేరొకదానికి కుదురదు. పలు తీరుల తుపాకులు గల దళము, పలు రకముల పళ్లతో కొలిచిన ధాన్యపు లెక్కవంటిది. సేన కంతకును ఒకే కొలత కావలెనన్న, సొంత కర్మాగారము ఉండవలెను. హైదరాబాదు ఫతే మైదానమునకు సమీపమున రేమండు 1786లో నెలకొల్పిన ఫిరంగుల పోత కర్మాగారము ఇట్టి అవసరమునకు ఫలము. దానిని జనులు తోప్ కా సాంచా అనిరి. ఆ ప్రాంతమునకు గన్‌ఫౌండ్రీ యను పేరు నేటికిని నిలిచియున్నది.

1795 మార్చి 11న ఖర్డా వద్ద మహారాష్ట్రులతో యుద్ధము జరిగెను. రేమండు పటాలములు చెదరక నిలిచినను, నిజాము భయపడి కోటలోనికి తగ్గిపోయెను. అవమానకరమైన సంధికి ఒప్పుకొనవలసి వచ్చెను. ఆ కష్టకాలమున కుంఫిణీవారు తోడురాకుండుటచే నిజాము వారి పటాలములను పంపివేసి, రేమండు సేనను పెంచెను. దాని పోషణకు కడపసీమలో భూములును ఇచ్చెను. తమ సరిహద్దున ఫ్రెంచి పతాకము కనబడగానే కుంఫిణీవారు కలవరపడిరి. ఇంతలో నిజాము కుమారుడు ఆలీజా తిరుగబడగా, రేమండు వెడలి ఆయనను పట్టుకొనెను. పరాభవము సహింపలేక ఆ రాకుమారుడు ప్రాణత్యాగము చేసికొనెను.

మున్నూరు మందితో మొదలైన దళము పదివేలు దాటినది. సిపాయిలకు ఆయనయందు గురి మిక్కుటము. హిందువులు మూసారాముడనియు, మహమ్మదీయులు మూసా రహీమనియు పిలిచిరి. 1798 మార్చి 25న రేమండు మరణించెను.

వ్యక్తిమీద నిలిచిన కట్టడము వ్యక్తితోనే కూలును. తరువాత వచ్చిన పిరోనుకు ఆ పలుకుబడి లేదు. 1798 సెప్టెంబరు 1న నిజాము కుంఫిణీతో సంధి చేసికొని, ఏటేట ఇరువదినాలుగు లక్షల రూపాయలకు పైగా చెల్లించి వారి సైన్యము నుంచుకొనుటకును, ఫ్రెంచివారిని తొలగించుటకును ఒప్పుకొనెను. అక్టోబరు 22న కిర్క్‌పాట్రిక్ దొర యేర్పాటుచే కుంఫిణీ సేన రేమండు దళమును చుట్టుముట్టెను. జీతపు బాకీలకై సిపాయిలు అంతకుముందే తమ ఫ్రెంచి అధికారులపై తిరుగబడియుండిరి. బాకీ తీర్తుమన్న మాట రాగానే, రక్తము చిందకయే, అన్ని వేల మంది ఆయుధములు దించిరి. మంచి తుపాకియు మంచి శిక్షణయు గల సేనను జీతపు పద్దు ఓడించెను!

ఇక మన సంగతి. సొంత కొలిమి చల్లారెను. పరుల సేనకు బాడుగ మొదలయ్యెను. 1800 అక్టోబరు 12న జరిగిన సంధిలో నిజాము ఆ సైన్యమును ఇంకను పెంచుకొని, రొక్కమునకు బదులుగా, మైసూరు యుద్ధములవలన 1792లోను 1799లోను తనకు వచ్చిన భూములను కుంఫిణీకి ధారపోసెను. బళ్లారి, కడప సీమలతోపాటు మన అనంతపుర సీమయు ఆ దానములోనిదే. మననడిగినవారు లేరు. దత్తమండలమను పేరు మనకట్లు వచ్చినది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యని పేరుపెట్టువరకు ఆ పేరే వాడుకలో నుండెను. మన్రో దొర కలెక్టరై 1800 మొదలు 1807 వరకు పాలించి, అనంతపురమున మకాముంచి, పొలము పొలమునకు కొలతలు వేయించెను. గ్రామ లెక్కల క్రొత్త పద్ధతి అప్పుడు నాటుకొన్నది. నావంటివాడు వ్రాసిన పద్దులకు మూలము వెదకినచో, ఆ బాడుగ సైన్యపు సంధిపత్రమే కనబడును.

రేమండు సమాధి హైదరాబాదున అస్మాన్‌గఢ్ గుట్టమీద కలదు. మూసారాంబాగు అను పేటకు ఆయన పేరే మిగిలినది. ఆయనను పొగడుట నా యుద్దేశము కాదు. ఆయన కూలికి కత్తిపట్టిన పరదేశియే. కాని ఆయుధమును బాడుగకు తెచ్చుకొన్నవాడు సొంత కొలిమి పెట్టుకొనవలెననియు, పెట్టుకొన్న కొలిమిని ఒక్కనిపై వదలక పదిమంది నేర్చుకొనవలెననియు ఆయన జీవితము చెప్పుచున్నది. విద్యయు అట్టిదే. చినుకు రాలని మన మెట్టసీమలో, ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన సొంత కొలిమియై వెలుగుచున్నది. దీని నిప్పు ఆరకుండ కాపాడుకొందుము గాక!