డాక్టరు స్మిత్-పీటర్సన్

వంశధార సముద్రమున కలియు చోట కళింగపట్నము కలదు. ఒకప్పుడది ఓడలు వచ్చిపోవు రేవు. అట్టి రేవుపట్టణమే నార్వే దేశమందలి గ్రిమ్‌స్టాడ్. మారియస్ స్మిత్-పీటర్సన్ 1886లో అచ్చట జన్మించెను. 1903లో తల్లితో అమెరికాకు వలసపోయి, 1914లో హార్వర్డు వైద్యకళాశాలనుండి పట్టము పొందెను. పిమ్మట బోస్టను నగరమందలి మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఎముకల వైద్యుడయ్యెను.

ఆ కాలమున ముసలివారికి తుంటి విరిగినచో బ్రతుకుపై ఆశ సన్నగిల్లెడిది. తొడయెముక పైకొన బంతివలె గుండ్రముగా నుండి తుంటి గుంటలో నిమిడియుండును. దాని క్రింది సన్నని భాగమును ఎముక మెడ యందురు. వయసు మీరి ఎముకలు గుల్లబారినవారు కాలుజారి పడినంతనే ఈ మెడ విరుగవచ్చును. బంతికి రక్తము చాలవరకు మెడ వెంబడినే పోవును గనుక విరిగినది అతుకుట కష్టము. వైద్యులు పిండికట్టు వేసి రోగిని నెలలకొలది పరుండబెట్టువారు. కదలిక లేమిచే వీపున పుండ్లు పడి, ఊపిరితిత్తులకు నెమ్ము చేరి పలువురు మరణించుచుండిరి.

ఈ దురవస్థను చూచి స్మిత్-పీటర్సన్ ఊరకుండలేదు. విరిగిన ముక్కలను లోపలనే బిగింపగలిగినచో రోగి త్వరగా లేచునని తలచెను. గుండ్రని మేకుపై బంతి తిరిగిపోవును. మందపు మేకు ఎముకను చెరచును. కావున మూడు సన్నని రెక్కలు గల ఉక్కుమేకును రూపొందించి, 1925లో మొదటిసారి వాడెను. వెంటనే చాటుకొనక, ఫలితములను పరిశీలించి 1931లో సహచరులతో గూడి ప్రకటించెను. మరుసటి యేడు స్వీడను వైద్యుడు స్వెన్ జొహాన్సన్ మేకు నడుమ రంధ్రము చేసి, ఎక్స్‌రే సాయమున సన్నని తీగ వెంట దానిని దింపు పద్ధతిని వెల్లడించెను. అంతట కోత చిన్నదయ్యెను. అరిగిన తుంటికి టోపీవంటి తొడుగు నమర్చుటకును స్మిత్-పీటర్సన్ 1923లో గాజుతో మొదలిడి, 1938 నాటికి లోహముతో సాధించెను.

1953లో ఆయన మరణించెను. నేడు ఆ మేకునకు బదులు మరమేకులు, కృత్రిమ కీళ్లు వచ్చినవి. త్వరగా శస్త్రచికిత్స, త్వరగా నడక అను మార్గము మాత్రము నిలిచియున్నది. అయితే శస్త్రవైద్యుని నైపుణ్య మొక్కటే చాలదు. వృద్ధుల వ్యాధులెరిగిన వైద్యుడు, నర్సు, నడక నేర్పువారు కలసి పనిచేయవలెను. బ్రిటనులో 2007 నుండి ఇట్టి రోగుల వివరములను నమోదుచేయుచున్నారు. ఆసుపత్రిలో చేరిన నాడో మరునాడో శస్త్రచికిత్స జరుగవలెనని అచ్చటి నియమము.

ఈ ఏర్పాటునకు మొదటి మెట్టు ఇంటివారి తెలివిడి. కళింగపట్నమున నూతిగట్టుకడ జారిపడిన మామ్మ లేవలేకున్నను, ఆమె కాలు పొట్టిదై ప్రక్కకు తిరిగినను, తైలముతో మర్దనచేయుచు దినములు గడపరాదు. కాలు కదలకుండ చూచి శ్రీకాకుళమందలి పెద్దాసుపత్రికి వెంటనే చేర్చవలెను. ముసలితనమున ఇంకేమి వైద్యమని పెద్దలను విడిచిపెట్టుట తగదు.