నాగసాకి డాక్టరు నగాయిగారి చరిత్ర
ధ్యానభాగము: లూకా 13:1-5, మార్కు 12:31

ప్రియులారా, 1942 ఏప్రిలు 6వ తేదీన, అనగా ఈస్టరు పండుగ మరునాడు, జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసెను. ఆ తీరము మన గుత్తికి బహు దూరము. అయినను మన తెలుగు తల్లులే ఆ దినమున ఆకాశము చూచి వణకిరి. మూడేండ్లు గడచులోపల అదే భయము ఎన్నో రెట్లుగా జపాను తల్లులమీదికి వచ్చెను. వారి మధ్య జీవించిన ఒక విశ్వాసిని గూర్చి ఈ నెల ధ్యానింతము.

తకాషి నగాయి 1908లో జన్మించెను. నాగసాకిలో వైద్యము చదువు దినములలో అతనికి దేవుడనిన నమ్మకము లేదు. తల్లి మరణము అతని మనస్సును కదల్చెను. ఉరకామి పేటలో ఒక క్రైస్తవ కుటుంబమువారి ఇంట అతడు బసచేసెను. వారి పితరులు, మన విశ్వాసము ఆ దేశములో నిషేధింపబడిన సుమారు 250 ఏండ్లు, గురువులు లేకయే దానిని రహస్యముగా కాపాడుకొనినవారు. 1934లో నగాయి రోమను కతోలిక సంఘమందు బాప్తిస్మము పొంది, ఆ ఇంటి కుమార్తె మిదోరిని వివాహమాడెను.

క్షయరోగులకు ఎక్స్‌రే పరీక్షలు చేసి చేసి అతడు రక్త క్యాన్సరు పాలయ్యెను. ఇక మూడేండ్లే ఆయుష్షని 1945 జూనులో తేలెను. ఆగస్టు 9న పగలు 11 గంటల 2 నిమిషములకు అమెరికావారి అణుబాంబు ఉరకామిపై ప్రేలెను. ఆ పేటలోని సుమారు 12,000 మంది కతోలికులలో సుమారు 8,000 మంది మరణించిరి. నగాయి తల పగిలి రక్తము కారుచున్నను, మిగిలిన నర్సులతోను వైద్యులతోను కలిసి గాయపడినవారికి పరిచర్య చేసెను. రెండు దినముల తరువాత ఇంటికి పోగా, బూడిదలో భార్య ఎముకలును ఆమె జపమాలయు దొరికెను. పల్లెలో అమ్మమ్మ యొద్దనున్న ఇద్దరు బిడ్డలు మాత్రము బ్రదికిరి.

నవంబరులో మృతుల కొరకు జరిగిన ఆరాధనలో, వారు దేవునికి అర్పింపబడిన దహనబలియని అతడు చెప్పెను. కొందరు ఆదరణ పొందిరి, కొందరు ఒప్పుకొనలేదు. ఈ మాట మేమును ఒప్పుకొనలేము. ఆ బాంబు వేసినది మనుష్యుల చేయి. మన పల్లెలలోను వానలు లేక చెరువులెండినప్పుడు, పసిబిడ్డ చనిపోయినప్పుడు, ఇది ఎవరి పాపమోయని చెప్పుకొందుము. సిలోయము గోపురము కూలి పదునెనమండుగురు చచ్చినప్పుడు ప్రభువు వారిపై నింద మోపలేదు. బ్రదికియున్నవారినే మారుమనస్సునకు పిలిచెను.

అయితే నగాయి మాటకంటె అతని బ్రదుకు గొప్పది. 1946 నుండి అతడు మంచము పట్టెను. రెండు చాపలు పట్టునంత గుడిసెలో పండుకొని పుస్తకములు వ్రాసెను. పొరుగువానిని గూర్చిన ప్రభువు ఆజ్ఞలోని "నిన్నువలె" అను మాటనే ఆ గుడిసెకు పేరుగా పెట్టెను. కాలిపోయిన ఉరకామికి వెయ్యి చెర్రీ మొక్కలు ఇచ్చెను. యుద్ధము మరల రాకూడదని తన బిడ్డలకు వ్రాసెను. 1951 మే 1న, 43వ యేట, ప్రభువునందు నిద్రించెను.

మన తీరముపై బాంబులు వేసిన దేశమువాడని, ఉపదేశములో మనకు వేరైనవాడని, ఇతని కొరకు కన్నీరు మానుదుమా? పొరుగువాడెవడో ప్రభువు మునుపే తెలిపియున్నాడు. దుఃఖమున్న ఇంటికి కారణములు మోసికొని పోవద్దు. ఒక కడవ నీళ్లు మోసికొని పోయి, వారియొద్ద కూర్చుందము. అట్టి కృప ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.