గంజాయిని త్రాసులో పెట్టిన డాక్టరు

గంజాయి అనగానే మనకు బైరాగులూ, పోలీసు కేసులూ గుర్తుకొస్తాయి. దాన్ని ఆసుపత్రి త్రాసులో పెట్టి తూచిన డాక్టరు విలియం బ్రూక్ ఓషానెసీ. ఐర్లండులోని లిమరిక్ ఆయన ఊరు. 1829లో ఎడింబరోలో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. 1831లో ఇంగ్లండులో కలరా చెలరేగితే రోగుల రక్తం పరీక్షించి, నీరూ లవణాలూ తగ్గిపోతున్నాయని తేల్చాడు. సెలైను ఎక్కించడానికి అదే పునాది. అప్పటికాయనకు పాతికేళ్లు కూడా లేవు!

1833లో ఈస్టిండియా కంపెనీ కొలువులో కలకత్తా వచ్చి, కొత్తగా పెట్టిన మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసరయ్యాడు. గంజాయి సంగతి మన పండితుల్నీ హకీముల్నీ అడిగి తెలుసుకున్నాడు. తెల్లదొరల్లో అలా అడిగినవాళ్లు ఎందరని? ముందు జంతువుల మీద చూసి, 1838 నవంబరులో కీళ్లవాతం రోగులు ముగ్గురికి గ్రెయిన్ చొప్పున, అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, గంజాయి బంక ఇచ్చాడు. ఒకడు పాటలు పాడాడు, అన్నం తెమ్మని కేకలేశాడు, చివరికి చెయ్యి ఎత్తిపెడితే ఎత్తినట్టే ఉంచి పడుకున్నాడు. రెండోవాడికీ మత్తు కమ్మింది. ఇద్దరికీ నొప్పులు తగ్గాయి. మూడోవాడికి ఏమీ కాలేదు. తీరా అడిగితే అతగాడు రోజూ గంజాయి పీల్చేవాడే!

ఇక విద్యార్థులు ఊరుకుంటారా? తామూ పుచ్చుకున్నారు. నోట్లో నాలుక లేని ఓ కుర్రాడు పది చుక్కలకే మహారాజైపోయి తోటివాళ్లకు ఆజ్ఞలు జారీచేశాడు.

పిచ్చికుక్క కరిచిన రోగి మాత్రం దక్కలేదు. బాధ తగ్గడం వేరు, జబ్బు నయంకావడం వేరు అని ఓషానెసీ దాచకుండా రాశాడు. నాకు ఆయనలో నచ్చింది ఇదే.

తర్వాత మందుని ఇంగ్లండుకు పట్టుకెళ్లాడు. మళ్లీ ఇండియా వచ్చి 1850లలో దేశమంతా టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు, సర్ బిరుదందుకున్నాడు, 1889లో కన్నుమూశాడు.

ఆ బంకలో ఏముందో ఆయనకు తెలియదు. అందులోని కానబిడయాల్‌ను 1940లో విడదీశారు. దాని నిర్మాణం 1963లో తేలింది. అది మత్తెక్కించదు గనక మోకాళ్లు అరిగినవాళ్లు ఆశగా దానివైపు చూస్తున్నారు. ఆనాటి కీళ్లవాతం, ఈనాటి మోకాలి అరుగుదల ఒకటే అనుకోడానికి లేదు లెండి. వియన్నాలో 86 మంది మోకాలి రోగులకు పారాసిటమాల్‌తో పాటు సగంమందికి రోజూ 600 మిల్లీగ్రాముల కానబిడయాల్, తక్కినవారికి ఉత్త మాత్రలూ ఎనిమిది వారాలిచ్చారు. 2023లో ఫలితం అచ్చయింది. నొప్పి తగ్గడంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.