చిత్రకళాతపస్వి అడివి బాపిరాజు

కవిగా, నవలాకారునిగా శ్రీ అడివి బాపిరాజు గారి పేరు వినని తెలుగువారు అరుదు. కాని వారు గొప్ప చిత్రకారులన్న సంగతి మన విద్యార్థులలో పలువురికి తెలియదు.

బాపిరాజు గారు 1895 అక్టోబరు 8వ తేదీన నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో చదువుతున్న రోజులలో ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర వారిలోని కళాభిరుచిని గుర్తించి ప్రోత్సహించారు. ప్రసిద్ధ చిత్రకారులు దామెర్ల రామారావు గారు కూడ ఆ దొర శిష్యులే. పాలకజాతికి చెందిన ఆ గురువు తన శిష్యుల దృష్టిని భారతీయ కళాసంప్రదాయం వైపు మరల్చుట విశేషం.

1922లో బాపిరాజు గారు సహాయ నిరాకరణోద్యమంలో పాల్గొని ఏడాది కారాగారవాసం అనుభవించారు. ఆ అనుభవాలే తరువాత తొలకరి నవలలో చోటు చేసుకున్నాయి. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుల వద్ద చిత్రకళ నేర్చుకున్నారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, కొంతకాలం న్యాయవాద వృత్తి చేసి, దానిని విడిచి కళకే అంకితమయ్యారు. తాము చదివిన జాతీయ కళాశాలకే ప్రధానాచార్యులై సేవ చేశారు.

శబ్దబ్రహ్మ, ఆనంద తాండవం వంటి చిత్రాలు వారి భక్తికి రూపాలు. సముద్రగుప్తుని, తిక్కనను చిత్రించినప్పుడు వారు జాతికి దాని పూర్వవైభవాన్ని గుర్తు చేశారు. పరాయి పాలనలో తమ గతాన్ని తామే చిన్నచూపు చూడ నేర్చిన ప్రజకు అది కూడ ఒక స్వాతంత్ర్య పోరాటమే. హిమబిందులో శాతవాహనుల కాలాన్ని, గోన గన్నారెడ్డిలో కాకతీయుల కాలాన్ని కళ్ళకు కట్టించినది ఈ చిత్రకారుని చూపే.

1951లో మద్రాసు ప్రభుత్వం కోరగా సింహళంలోని సిగిరియా కుడ్యచిత్రాలకు ప్రతులు రచించి, మద్రాసు మ్యూజియంకు అందజేశారు. పేరు తెలియని ప్రాచీన శిల్పుల రేఖను, తన సొంత పోకడను పక్కన పెట్టి, యథాతథంగా అనుసరించాలంటే ఎంత వినయం కావలెను! ఆ మరుసటి ఏడు, 1952 సెప్టెంబరు 22న, వారు కీర్తిశేషులయ్యారు.

తెలుగునాటికి వెలుపల, ఈ ఎన్నూరు సముద్రతీరాన తెలుగు చదువుకొనే మన పిల్లలకు బాపిరాజు గారి జీవితం దారిదీపం. తలచుకొనేవారు లేనినాడు ఎంతటి చరిత్ర అయినా మాసిపోతుంది. బిడ్డ చేత ఒక తెలుగు పుస్తకం చదివించినా, ఒక బొమ్మ గీయించినా, ఆ మహనీయుని కృషిని మనమూ కొనసాగించినట్లే.